నూనె డబ్బాలో మల్లె

చంద్రపూర్ దగ్గరి దుర్గాపూర్ కోలరీ క్వార్టర్లలో పొద్దున లేచి అందరూ తమ మొహాలు కడుక్కుంటారు. ఆగమ్మ మాత్రం ముందు చెట్ల మొహాలు కడుగుతుంది. రాత్రంతా కురిసిన బొగ్గుదుమ్ము తెల్లారేసరికి ఆకుల మీద నల్లగా పేరుకుని ఉంటుంది. ఒక చేత చెంబు, ఇంకో చేత పాత నూలుగుడ్డ పట్టుకుని, మల్లెచెట్టు ముందు చతికిలబడి ఒక్కో ఆకూ తుడుస్తుంది. పిల్లకు తలంటు పోసేటప్పుడు కూడా ఎవరూ అంత ఓపిక పట్టరు.

"నా పెండ్లమై ఇన్నేండ్లాయె. ఒక్కనాడన్న నా మొఖం గిట్ల తుడిచినవా?" అన్నాడు రాయమల్లు వెనక వసారాలోని మంచంలోంచి. గనిలో రిటైరై నాలుగు నెలలైనా, మొదటి షిఫ్టు కూత వినబడగానే లేచి కూర్చోవడం ఆయనకు ఇంకా పోలేదు.

"నీ మొఖం తుడిస్తే పువ్వు పూస్తదా?" అంది ఆగమ్మ వెనక్కి తిరక్కుండానే.

"పూయకున్నా నవ్వుతది గదనే!"

"పొద్దుపొద్దుగాల గీ ముచ్చట్లే దొరికినయా? చాయ్ పొయ్యి మీదున్నది, పొంగుతదేమో చూడు పో."

క్వార్టరు వెనక దడి లోపల చిన్న తోటే ఉంది. మల్లె నూనె డబ్బాలో. జాజి డాల్డా డబ్బాలో. గంధరాజం చెవులు విరిగిన బకెట్లో. రాత్రిరాణి సున్నం కలిపిన పాత డ్రమ్ములో. మరువానికైతే రాయమల్లు గనిలో పెట్టుకున్న పాత టోపీని బోర్లా తిప్పి ఇల్లు చేసింది. ఇన్ని చెట్లున్నా నేలలో మాత్రం ఒక్కటీ లేదు. దడి లోపల ఇంకో ఇరవై చెట్లకు సరిపోయే ఖాళీ ఉన్నా, ఆ మట్టిలో ఆగమ్మ తులసిని కూడా పెట్టలేదు. చూసినవాళ్ళు ఇదేం పిచ్చి అని నవ్వేవాళ్ళు. "కంపెనీ మన్ను, మనది గాదు" అనేది ఆమె.

ఊరికే అన్న మాట కాదది. మంచిర్యాల వైపు నుంచి కొత్త కోడలిగా వచ్చినప్పుడు మొదటి క్వార్టరు గుమ్మం పక్కన ఆమె ఒక మల్లె నాటింది. అది గోడ ఎక్కి, వేసవి సాయంత్రాల్లో క్వార్టర్ల లైనంతా గుప్పుమనేలా పూసేది. షిఫ్టు దిగి వచ్చే మగవాళ్ళు ఆ గుమ్మం ముందు అడుగు నెమ్మది చేసేవాళ్ళు. తర్వాత కంపెనీ వాళ్ళు వేరే లైన్లో క్వార్టరు ఇచ్చారు. సామాను ఎత్తారు గాని, మల్లెను ఎలా ఎత్తుతారు? ఓ రోజు అటువైపు వెళ్ళి చూస్తే, మల్లె ఉన్నచోట ఎవరిదో మేక కట్టేసి ఉంది. ఆ పూట ఆగమ్మ అన్నం ముట్టలేదు. అప్పటి నుంచీ ఏ చెట్టయినా డబ్బాలోనే. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు చంకనెత్తుకుని పోవచ్చని.

ఇప్పుడు నిజంగానే పొమ్మన్నారు. రిటైరైనవాళ్ళు క్వార్టరు ఖాళీ చెయ్యాలి కదా. తుకుం అనే పేట వైపు కొనుక్కున్న జాగాలో సొంత ఇల్లు లేచింది. శ్రావణంలో గృహప్రవేశం. కొడుకు నాగేష్, చంద్రపూర్ బజార్లో కలర్ టీవీల దుకాణంలో పనిచేస్తాడు. అతనూ, కోడలు భాగ్యలక్ష్మీ ఇంటిపని మొత్తం నెత్తినేసుకున్నారు. అంతా అయ్యాకే చూపిస్తామని పట్టుబట్టి ముసలివాళ్ళను అటు పోనివ్వలేదు.

ఆగమ్మ కొడుకును అడిగింది ఒక్కటే. "ఇంటి ముంగట జాగ ఎంతున్నదిరా?"

"మస్తున్నదవ్వా!" అన్నాడతను.

ఆ మాట చాలు ఆమెకు. తలుపు పక్కన మల్లె, కిటికీ కింద జాజి, గోడ మూలకు రాత్రిరాణి. మనసులోనే నాటేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆకులు తుడుస్తూ చెట్లకు మాత్రం చెప్పింది, "ఇగ కొన్ని దినాలే తల్లీ. మన భూమిల కాళ్ళు చాపుకోవచ్చు" అని.

ఓ ఆదివారం నాగేష్ దుకాణంలో ఒకపూట సెలవు అడిగి, తల్లిని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని కొత్తింటికి తీసుకెళ్ళాడు. భాగ్య, మామగారు ముందే ఆటోలో వెళ్ళి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. కోడలి మొహం కొత్త ఇత్తడి చెంబులా మెరుస్తోంది.

ఆగమ్మ గేటు దాటి ఆగిపోయింది. గేటు నుంచి గుమ్మం దాకా, గుమ్మం పక్క నుంచి పెరటిగోడ దాకా బండలే. నున్నగా తీర్చిన బూడిదరంగు షాబాద్ బండలు. సందుల్లో సిమెంటు. గడ్డిపరక మొలిచేంత మట్టి కూడా ఎక్కడా లేదు.

"చూడత్తా!" అంటూ భాగ్య బకెట్ నీళ్ళు గుమ్మరించింది. నీళ్ళు జర్రున జారి మోరీలోకి పోయాయి. "అద్దం లెక్క ఉన్నది గదా! ఇగ వాన పడ్డా బురద లేదు, ఎంత దుమ్ము లేసినా బకెట్ నీళ్ళు పోస్తే అయిపాయె. నీ మోకాళ్ళ నొప్పులకు ఇంత హాయి ఇంకోటి లేదు. ఇగో, ఇటు చూడు."

గోడ పొడుగునా ఎర్రరంగు వేసిన సిమెంటు కుండీలు వరుసగా ఉన్నాయి.

"నీ చెట్లకే అత్తా! బతుకంత తుప్పు డబ్బాలల్ల పెంచినవ్. ఇగ మంచి కుండీలల్ల పెంచుకో. నేనే రంగేసిన."

ఆగమ్మ కుండీలను చూసింది, బండలను చూసింది. వంగి ఒక కుండీ అంచు తడిమి, "మంచిగున్నది బిడ్డా" అంది.

భాగ్యను తప్పుపట్టడానికి లేదు. ఆ పిల్ల పద్మాపూర్‌లో గని అంచున పెరిగింది. తల్లి పొద్దంతా ఊడ్చేది, ఊడ్చిన వెంటనే ఇల్లు మళ్ళీ నల్లబడేది. వానాకాలం వస్తే వాకిట్లో చీలమండల దాకా నల్లబురద. బడిలో పిల్లలు ఆమె గౌను అంచులు చూసి నవ్వేవాళ్ళు. ఎప్పటికైనా తనకో ఇల్లంటూ ఉంటే మట్టి కంటికి కనబడకూడదని ఆమె చిన్నప్పుడే అనుకుంది. ఆ ముచ్చటంతా పోసి పరిపించిన బండలవి.

ఇంటికొచ్చాక రాయమల్లు భార్యను పక్కకు పిలిచాడు. "నేను చెప్తనే పిల్లలకు. నీ మనసుల ఏమున్నదో నాకెరుక లేదా?"

"నోరెత్తితే చూడు! ముచ్చటపడి కట్టుకున్నరు. నా చెట్ల కోసం వాళ్ళ మనసు ఇరుగగొట్టాల్నా?"

"మరి నీ మనసో?"

ఆగమ్మ చాటలో బియ్యం పోసుకుని కూర్చుంది.

తర్వాత రోజుల్లో భాగ్య ఒక వింత గమనించింది. వెనక దడి లోపల చెట్లు తగ్గుతున్నాయి. మొదట టోపీలోని మరువం కనబడలేదు. ఆ తర్వాత జాజి. రాత్రిరాణి ఏదని అడిగితే, "బస్టాండు కాడి గుడి పూజారి అడిగిండు, ఇచ్చిన" అంది ఆగమ్మ. జాజిని పక్క క్వార్టరు సమ్మక్కకు ఇచ్చిందట. మరువం ఎవరికిచ్చిందో తనకే గుర్తులేదట. ఎవరైనా కొమ్మ విరిస్తే ఆ పూటంతా సణిగే మనిషి, చెట్లకు చెట్లే పంచిపెడుతోంది. పైగా మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. ఎప్పటిలాగే వండుతోంది, వడ్డిస్తోంది. పొద్దున్నే గుడ్డ తీసుకుని మిగిలిన ఆకులు తుడుస్తోంది. భాగ్యకు దిగులు పట్టుకుంది. తిట్టే అత్తకైతే ఎదురు చెప్పొచ్చు, ఏమీ అనని అత్తతో ఎవరు వేగుతారు?

గృహప్రవేశం ఇక వారం ఉందనగా, సామాను సర్దుతున్న భాగ్యకు వెనకనుంచి మాటలు వినబడ్డాయి. వెళ్ళి చూస్తే సమ్మక్క గంధరాజం బకెట్‌ను చంకనెత్తుకుని దడి దాటుతోంది.

"సమ్మక్కా, అది గూడనా?" అంది భాగ్య.

సమ్మక్క బిక్కమొహం వేసింది. "మీ అత్తనే తీస్కపొమ్మన్నది బిడ్డా. నేను వద్దనే అన్న." బకెట్ అక్కడే దించి, కొంగు సర్దుకుంటూ వెళ్ళిపోయింది.

"ఏందత్తా ఇది?" భాగ్య అత్తవైపు తిరిగింది. "గీ ఒక్క మల్లె తప్ప అన్నీ పంచిపెట్టినవ్. ఎందుకు?"

"కొత్త ఇంట్ల గీ పాత డబ్బాలెందుకు బిడ్డా. అందంగ ఉండయి."

"డబ్బాలు వద్దనే గదా కుండీలు తెచ్చిన! ఒక్కదాంట్లన్న ఒక్క మొక్క పెట్టవా?"

అన్నానికి వచ్చిన నాగేష్ స్కూటరు స్టాండు వేస్తూ ఈ మాట విన్నాడు. వినీ వినగానే అతనికి తిక్క రేగింది. "అవ్వా, లైనంత అంటున్నరు తెలుసా? కోడలు చెట్లను గూడ ఇంట్లకు తేనిస్తలేదట, ముసల్ది పంచిపెడుతున్నదట అని! పగలంత దుకాణంల పనిచేసి, సాయంత్రాలు సిమెంటు మోసినం. ఆమె చేతులు పొక్కులు పోయినయి. నీకు ఒక్క మాట మంచిగ అనబుద్ధి కాలే?"

"మంచిగున్నదనే అన్న గదరా."

"అన్నవ్! ఎట్లన్నవో నాకు తెల్వదా?"

భాగ్య మొగుణ్ణి ఆపింది. తను అత్త ఎదుటికి వచ్చి నేలమీదే కూలబడింది. కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా రాలుతున్నాయి. "అత్తా, నాతోని ఒక్క ఇంట్ల ఉండుడు నీకు ఇష్టం లేదా? అదన్న చెప్పు. నేను ఏమన్న తప్పు చేస్తే రెండు దెబ్బలు కొట్టు. గంతేగాని గిట్ల ఒక్కొక్క చెట్టు ఇడిసిపెట్టుకుంట పోకు. రేపు నువ్వు గూడ ఊరికి పోతనంటవేమోనని నాకు నిద్ర పడ్తలేదు."

ఆగమ్మ ఈ మాట ఊహించలేదు. మంచంలోంచి రాయమల్లు అన్నాడు, "పిల్ల అడుగుతున్నది గదనే. ఇప్పుడన్న చెప్పు. ఎన్ని దినాలు మింగుతవ్?"

ఆగమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "నీ మీద నాకేం కోపం బిడ్డా. నువ్వు కుండీలు తెచ్చినవ్, ఎర్రగ రంగేసినవ్. గాని..." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "గా కుండీలు గూడ డబ్బాలే గదా."

భాగ్యకు అర్థం కాలేదు. "అంటే?"

"మన ఇంట్లకు పోయినంక భూమిల పెడ్తననుకున్న. గంతే. ఏండ్ల నుంచి అదే అనుకుంటున్న."

భాగ్య కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచి అత్తవైపు చూసింది. "భూమిలనా? నీకు డబ్బాలల్ల పెంచుడే ఇష్టమనుకున్న గదత్తా! నేను ఈ ఇంట్లకు వచ్చినకాడి నుంచి నువ్వు నేలల ఒక్క మొక్క పెట్టంగ చూడలే. ఇంత జాగున్నది, అయినా పెట్టలే. ఇట్ల పెంచితేనే నీకు ముచ్చటేమో, మట్టి అంటవద్దేమో అనుకున్న. అందుకే ఏరి ఏరి తెచ్చిన ఆ కుండీలు!"

ఆగమ్మ నిర్ఘాంతపోయింది. తాను మనసులో నాటుకున్న తోట ఇంట్లో అందరికీ కనబడుతూనే ఉందనుకుంది ఇన్నాళ్ళూ. డబ్బాలు చూసిన పిల్లకు డబ్బాలే కనబడ్డాయి. అందులో ఆ పిల్ల తప్పేముంది? ఆగమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మొదటి క్వార్టరు మల్లె సంగతీ, మేక సంగతీ అప్పుడు చెప్పింది. నాగేష్ ఆ క్వార్టర్లోనే పుట్టాడు. అతనికీ ఆ కథ తెలియదు.

"అడిగితే కాదంటుంటిమా అవ్వా?" అన్నాడతను. గొంతులో ఇందాకటి మంట లేదు. "నోరు తెరిచి ఒక్క మాట అనకపోతివి."

"అడుగుడు అలవాటు తప్పిందిరా. క్వార్టర్ వాళ్ళిచ్చినప్పుడు తీసుకునుడు, పొమ్మన్నప్పుడు పోవుడు. నల్లా వాళ్ళిడిసినప్పుడే నీళ్ళు. బతుకంత గట్లనే గడిచె. సొంత ఇల్లయినంక అడుగొచ్చని యాదికి రాలే."

నాగేష్ తలవంచుకున్నాడు. తర్వాత ఏం చెయ్యాలో తోచని మగవాడు ఏదో ఒకటి ఎత్తుతాడు కదా, అతనూ చొక్కా చేతులు మడిచి మల్లె దగ్గరికి నడిచాడు. "ముందు దీన్ని తీస్కపోదాం. ఇప్పుడే" అంటూ నూనె డబ్బాను రెండు చేతులా పట్టి లేపబోయాడు. అది కదల్లేదు. గట్టిగా గుంజితే డబ్బా పక్కరేకు తుప్పు రాలుతూ చేతిలోకి ఊడివచ్చింది.

"ఆగురా!" అని రాయమల్లు లేచి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో మట్టి తోడాడు. డబ్బాకు అడుగు లేదు. ఎప్పుడో తుప్పుపట్టి మట్టిలో కలిసిపోయింది. బొటనవేలంత లావు వేర్లు డబ్బాలోంచి నేలలోకి దిగి, దడి కిందుగా ఎటో వెళ్ళిపోయాయి.

ఆగమ్మ ఆ వేర్లను చూస్తూ కూర్చుండిపోయింది. రోజూ ఆకులు తుడిచిందే గాని, ఏనాడూ ఆ డబ్బాను కదిపి చూడలేదు. "మనది గాదు, మనది గాదు అని నేను రోజూ చెప్పుకుంటనే ఉంటిని" అంది మెల్లగా. "ఇది ఇన్నదా? ఎన్నడో ఇక్కడిదయి కూసున్నది."

"తవ్వి తీద్దామత్తా. ఎంత లోతున్నా తవ్వుదాం" అంది భాగ్య.

"వద్దు బిడ్డా. గింత వేరు తెగితే బతుకదు. ఉన్నకాడ ఉండనీ. కొమ్మలు కోసుకపోదాం, అంటుకుంటయి." మిగిలిన తుప్పురేకులను తనే ఒక్కొక్కటిగా విరిచి తీసేసింది. ఆ మల్లెను డబ్బా లేకుండా ఆమె చూడటం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున కొత్తింటి గేటు దగ్గర మేస్త్రీ భూమన్న నెత్తి కొట్టుకుంటున్నాడు. "నిన్నగాక మొన్న పరిచిన బండలు! ఎవలన్న పీకిస్తరా అక్కా? చూసినోళ్ళు నా పనే బాగలేదనుకుంటరు."

"పని బాగుండబట్టే గదయ్యా గడ్డపార దిగుతలేదు!" అన్నాడు రాయమల్లు ఒగరుస్తూ. లుంగీ ఎగ్గట్టి ఆయనే గడ్డపార పట్టాడు. భూమన్న అందుకోబోతే ఇవ్వలేదు. ఒక బండ కింద కొస దూర్చి బలంగా మోపగానే సిమెంటు చిట్లి, బండ పైకి లేచింది. కింద ఎర్రటి తడిమట్టి. ఆయన ఇంత మట్టి తీసి వాసన చూసి, భార్యవైపు చెయ్యి చాపాడు. "ఇన్నేండ్లు భూమిని తవ్విన్నే. బయటికి తీసుడే గాని, దాంట్ల ఒక్కటి పెట్టింది లేదు. ఇయ్యాల నీ పుణ్యమాని పెడ్త."

ఆగమ్మ ఆ మట్టిని కొంగులో వేసుకుంది. ఇన్నేళ్ళు మొగుడి మొహం తుడవలేదు కదా, ఇప్పుడు అదే కొంగు అంచుతో ఆయన నుదుటి చెమట తుడిచింది. కొడుకూ కోడలూ చూస్తున్నారన్న సిగ్గు కూడా పడలేదు.

ఏ బండలు తియ్యాలో భాగ్య చూపిస్తోంది. "ఇవి తీయి, ఇవి గూడ తీయి" అంటోంది గాని, ఒక్కో బండ లేస్తుంటే ఆమె పెదవి బిగుసుకోవడం ఆగమ్మ కంట పడింది. చిన్నప్పటి నల్లబురద మళ్ళీ వాకిట్లోకి వస్తున్నట్టు ఆ పిల్ల చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని నిలబడింది.

"చాలు, ఇగ ఆపుండ్రి!" అంది ఆగమ్మ. "గేటు నుంచి గుమ్మం దాంక ఉండనియ్యిన్రి. ఎనుక గిన్నెలు తోమేకాడ గూడ ఉండనియ్యిన్రి. ఇల్లు నా ఒక్కదానిదా? ఆమెకు అద్దం లెక్క ఉండాలె."

"అత్తా, నీకు జాగ తక్కువైతది."

"ఏం గాదు. మట్టికాళ్ళతోని ఇంట్లకు వచ్చినోళ్ళను నువ్వు తిట్టు. నన్ను గూడ తిట్టు."

భాగ్య నవ్వింది. ఆ నవ్వులో ఇన్ని రోజుల బరువు దిగిపోయింది. ఇంతలో కబురందుకుని ఆటోలో సమ్మక్క దిగింది. జాజి డబ్బా ఒడిలో, నిన్న దడి దగ్గరే దించేసిన గంధరాజం కాళ్ళ దగ్గర. "ఇచ్చింది మళ్ళ తీసుకునేటోళ్ళను మిమ్ముల్నే చూసిన" అని దెప్పుతూనే తనే దించి పెట్టింది. మధ్యాహ్నానికల్లా కిటికీ కింద జాజి, మూలకు గంధరాజం, గుమ్మం పక్కన మల్లెకొమ్మలు దిగాయి. ఆగమ్మ నాటుతుంటే భాగ్య నీళ్ళు పోసింది. కుచ్చిళ్ళకు మట్టి అంటింది. చూసుకుంది గాని దులుపుకోలేదు.

గేటు పక్కన ఒక బండ మేర జాగా మిగిలింది.

"ఇక్కడేం పెడ్తవత్తా?" అంది భాగ్య.

ఆగమ్మ చెప్పబోయి ఆగింది. తన మనసులో ఏముందో ఎవరూ అడగలేదని ఇన్నాళ్ళు బాధపడింది. మరి ఈ పిల్ల ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి, నీకేది ఇష్టమని తాను ఒక్కసారైనా అడిగిందా? తెల్లారి కోసి ఇచ్చిన మల్లెలను పెట్టుకుంటుంటే, అవే ఇష్టమనుకుంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"నీకేం పువ్వు ఇష్టం బిడ్డా?"

భాగ్య తడబడింది. "నాకా? నువ్వు ఏది పెడితే అదే."

"అట్ల గాదు. నేనడుగుతున్న, చెప్పు."

భాగ్య చేతికంటిన మట్టి నలుపుకుంటూ అంది. "సోన్‌చాఫా అత్తా. అదే, సంపెంగ. బడిల మా టీచరు బాయి జడల పెట్టుకొని వచ్చేది. ఆమె పక్క నుంచి పోతే... నాకు అక్కడ్నే నిలబడబుద్ధయ్యేది." వెంటనే తల అడ్డంగా ఊపింది. "వద్దులే. అది పూయాలంటే ఏండ్లు పడుతదంట. కుండీల పెట్టుకోనీకి గూడ రాదు."

ఆగమ్మ కోడలి మట్టిచేతిని తన మట్టిచేతుల్లోకి తీసుకుంది. కళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామంటే రెండు చేతులకూ మట్టే.

"పట్టనియ్యి బిడ్డా, ఎన్నేండ్లయినా పట్టనియ్యి" అంది. "ఇగ మనం ఎటు పోతం?"